నోటి మీద వేలు, గోడ మీద కెమెరా

వేసవి సెలవుల్లో పిల్లల్ని చేర్పించడానికి బళ్లు చూసి వచ్చే తల్లిదండ్రులకు ఊరేదైనా ఒకటే దృశ్యం ఎదురవుతుంది. ఆఫీసు గదిలో గోడకు పెద్ద తెర, దాని మీద పదహారో ముప్పై రెండో గళ్లు, ఒక్కో గడిలో ఒక్కో తరగతి. ఫీజు సంగతి ఎత్తకముందే ఆ తెర చూపిస్తారు. గేటు దగ్గర వాచ్‌మన్, ప్రహరీ మీద ముళ్ల తీగ, బస్సులో జీపీఎస్. చూసి వచ్చిన తల్లి మనసు కుదుటపడుతుంది. అదే వరండాలో ఇంకాస్త ముందుకు నడిచి ఎల్‌కేజీ గదిలోకి తొంగి చూస్తే, ముప్పై మంది పసివాళ్లు మూతి మీద వేలేసుకుని కూర్చుని ఉంటారు. అ ఆల కంటే ముందు బడి వాళ్లకు నేర్పిన పాఠం అది.

కుదుటపడిన ఆ తల్లి మనసును తప్పుపట్టలేం. బిడ్డను రోజుకు ఏడెనిమిది గంటలు పరాయివాళ్ల చేతిలో పెట్టే మనిషి ఏదో ఒక హామీ కోరుకుంటుంది. ఆ హామీ పేరుతో కెమెరాను అంటగట్టడమే తప్పు. కెమెరా ఉంటే పిల్లలు క్షేమం అనే మాట ఇప్పుడు బడి కరపత్రాలు దాటి ప్రభుత్వ విధానమైంది. ఢిల్లీ ప్రభుత్వం 2019 జులైలో తరగతి గదుల్లో కెమెరాలు పెట్టి, అక్కడ జరుగుతున్నది తల్లిదండ్రులు ఫోన్‌లో చూసుకునే పథకం మొదలుపెట్టింది. 2025 జులై 21న సీబీఎస్‌ఈ తన అనుబంధ పాఠశాలలకు ఉత్తర్వు పంపింది. గేట్లు, వరండాలు, మెట్లు, తరగతి గదులు, ల్యాబులు, లైబ్రరీ, క్యాంటీన్, ఆటస్థలం, అన్నిచోట్లా కెమెరాలు ఉండాలి. బొమ్మతో పాటు మాట కూడా రికార్డు కావాలి. కనీసం పదిహేను రోజుల ఫుటేజీ దాచాలి. మరుగుదొడ్లకు మాత్రం మినహాయింపు.

ఆ ఉత్తర్వు వచ్చిన నాలుగో రోజు, జులై 25 ఉదయం, రాజస్థాన్‌లోని ఝాలావాడ్ జిల్లా పిప్లోదీ గ్రామంలో ప్రభుత్వ బడి పైకప్పు కూలింది. ఏడుగురు పిల్లలు చనిపోయారు. అది సీబీఎస్‌ఈ బడి కాదు, కెమెరాల ఉత్తర్వుకూ ఆ ప్రమాదానికీ నేరుగా ఏ సంబంధమూ లేదు. సంబంధం ఉన్నది మరో చోట. పైనుంచి పెచ్చులు రాలుతున్నాయని టీచర్లకు ముందే చెప్పామని, మందలించి కూర్చోమన్నారని బతికి బయటపడిన పిల్లలు విలేకరులకు చెప్పారు. కప్పు కూలబోతోందని పసిగట్టింది ఇంజినీరు కాదు, తనిఖీ అధికారి కాదు. ఆ గదిలో నేల మీద కూర్చున్న పిల్లలు. వాళ్ల మాట విని గది ఖాళీ చేయించి ఉంటే ఇటుకలు ఖాళీ నేల మీద పడేవి.

దీనికి పన్నెండేళ్ల ముందు, 2013 జులై 16న, బిహార్‌లోని సారణ్ జిల్లా గండామన్ గ్రామంలో మధ్యాహ్న భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయారు. కూర వండిన నూనెలో మోనోక్రోటోఫాస్ అనే పురుగుమందు కలిసి ఉందని పరీక్షల్లో తేలింది. కూర రుచి తేడాగా ఉందని పిల్లలు ఆ పూటే చెప్పారు. అయినా తినమన్నారు. ఆ వయసు పిల్లలకు పెద్దలు తినమన్నాక తినకుండా ఉండే దారి ఉండదు. ఉంటుందని వాళ్లకు ఎవరూ నేర్పలేదు కూడా.

పైకప్పుకు మరమ్మతు నిధులు కావాలి, వంటగదికి శుభ్రమైన నూనె కావాలి, ఆ విషయంలో వాదన లేదు. అయితే ఆ రెండు చోట్లా ప్రమాదం చెప్పకుండా రాలేదు. ముందుగా గంట మోగింది. మోగించింది పిల్లలు. పెద్దవాళ్లు ఆ గంటను అల్లరి అనుకున్నారు.

ఇక తల్లిదండ్రులను నిజంగా నిద్రపట్టనివ్వని భయం గురించి. బడిలో ఎవడో దుర్మార్గుడు దూరి బిడ్డను ఏమైనా చేస్తాడేమోనన్న భయం అది. గోడలు, గేట్లు, కెమెరాలు అన్నీ ఆ ‘ఎవడో’ కోసమే. కానీ పోక్సో కేసుల లెక్కల్లో ఏటా కనబడేది ఒకటే: నిందితుల్లో పదికి తొమ్మిది మందికి పైగా ఆ బిడ్డకు ముందే తెలిసినవాళ్లు. ఇంట్లో మనిషి, పక్కింటి మనిషి, బడిలో రోజూ కనిపించే మనిషి. కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ 2007లో విడుదల చేసిన అధ్యయనంలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ సహా 13 రాష్ట్రాలకు చెందిన 12,447 మంది పిల్లలతో మాట్లాడారు. సగానికి పైగా, కచ్చితంగా చెప్పాలంటే 53.22 శాతం మంది, ఏదో ఒక రకమైన లైంగిక వేధింపు ఎదుర్కొన్నామన్నారు. అలా చేసినవాళ్లలో సగం మంది పిల్లలకు తెలిసినవాళ్లు, నమ్మకంగా చూసుకోవాల్సిన స్థానంలో ఉన్నవాళ్లు. పిల్లల్లో అత్యధికులు ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. ఆ అధ్యయనంలో అన్నిటికన్నా భయంకరమైన వాక్యం ఈ చివరిదే.

2022 అక్టోబరులో హైదరాబాద్ బంజారాహిల్స్‌లోని ఒక పాఠశాలలో నాలుగేళ్ల పాప మీద అఘాయిత్యం జరిగింది. చేసినవాడు ప్రిన్సిపల్ కారు డ్రైవరు. గోడ దూకి వచ్చినవాడు కాదు, గేటులోంచి రోజూ దర్జాగా వచ్చేవాడు. పాప తీరు మారిందని గమనించి ఇంట్లో తల్లి అడిగితేనే విషయం బయటపడింది. ఆరు నెలల్లో విచారణ ముగించి, 2023 ఏప్రిల్‌లో కోర్టు ఆ డ్రైవరుకు ఇరవై ఏళ్ల జైలు శిక్ష వేసింది. పోలీసులను, కోర్టును మెచ్చుకోవాల్సిందే. అంతకన్నా ముందు మెచ్చుకోవాల్సింది తల్లి అడిగిన ఆ ప్రశ్నను, నాలుగేళ్ల నోటితో వచ్చిన ఆ జవాబును.

మహారాష్ట్రలోని బద్లాపూర్‌లో 2024 ఆగస్టులో అదే జరిగింది. ఇద్దరు పసిపిల్లలు, బడి మరుగుదొడ్డి, బడిలోనే పనిచేసే మనిషి. అక్కడా ఇంటికి వెళ్లిన పాప పెద్దవాళ్లతో చెబితేనే తెలిసింది. ఆ బడిలో కెమెరాలున్నాయి. కావాల్సిన పదిహేను రోజుల ఫుటేజీ మాత్రం కనిపించడం లేదని స్వయంగా ఆ రాష్ట్ర విద్యాశాఖ మంత్రే చెప్పారు. కంప్లయింటు తీసుకోవడానికే పోలీసులు గంటల తరబడి తిప్పారన్న కోపంతో జనం రైలు పట్టాల మీద కూర్చున్నారు.

కెమెరాను సమర్థించేవాళ్ల దగ్గర ఒక గట్టి ఉదాహరణ ఉంది, దాన్ని దాటవేయడం న్యాయం కాదు. 2017 సెప్టెంబరు 8న హరియాణాలోని గురుగ్రామ్‌లో ఒక పెద్ద ప్రైవేటు స్కూలు మరుగుదొడ్డిలో రెండో తరగతి బాలుడు హత్యకు గురయ్యాడు. పోలీసులు అదే రోజు బస్సు కండక్టరును పట్టుకుని కేసు తేలిపోయిందన్నారు. రెండు నెలల తర్వాత సీబీఐ వచ్చి ఆ కండక్టరుకు సంబంధం లేదని తేల్చి, అదే బడిలో పదకొండో తరగతి చదువుతున్న విద్యార్థిని అదుపులోకి తీసుకుంది. సీసీ కెమెరా ఫుటేజీ ఆ దర్యాప్తుకు ఉపయోగపడింది. ఒక పేదవాడి మెడకు చుట్టుకున్న నేరం వీడడంలో కెమెరాకూ వంతుంది. నిజమే.

కానీ ఆ ఫుటేజీ తీసిన కెమెరా ఆ ఉదయం కూడా పనిచేస్తూనే ఉంది, పిల్లవాడు బతకలేదు. జరిగినదాన్ని రుజువు చేయడం ఒక పని, జరగకుండా ఆపడం ఇంకో పని. మొదటిదాన్ని చూపించి రెండోదానికి హామీ ఇవ్వకూడదు. ఆ హత్యకు సీబీఐ చెప్పిన కారణం ఇంకా కలవరపెడుతుంది. పరీక్షలు, పేరెంట్స్ మీటింగ్ వాయిదా పడాలని ఆ కుర్రవాడు ఈ పని చేశాడన్నది అభియోగం. అది నిజమైతే, మార్కుల భయంతో నలిగిపోతున్న ఒక పదహారేళ్ల పిల్లవాడు అన్ని కెమెరాల ముందు నుంచి రోజూ నడిచి వెళ్తున్నా ఎవరికీ కనిపించలేదన్నమాట. ఆ ఘటన జరిగిన నాలుగు రోజులకే సీబీఎస్‌ఈ బడులకు సర్క్యులర్ పంపింది: కెమెరాలు పెట్టండి, సిబ్బంది పూర్వాపరాలు పోలీసులతో ఆరా తీయించండి, డ్రైవర్లకూ ఆయాలకూ సహా మానసిక పరీక్షలు చేయించండి. పిల్లలతో కూర్చుని మాట్లాడే మనిషి విషయంలో అంత తొందర కనబడలేదు.

లెక్క వేసి చూస్తే కెమెరా మీద నమ్మకం ఇంకా పలచబడుతుంది. ముప్పై కెమెరాలున్న బడిలో రోజుకు ఏడు గంటల చొప్పున రెండు వందల పది గంటల ఫుటేజీ తయారవుతుంది. దాన్ని ఎవరు చూస్తారు? ప్రిన్సిపల్ గదిలో తెర వెలుగుతూనే ఉంటుంది, ఆ కుర్చీలోని మనిషి ఫీజులు, టీసీలు, డీఈవో ఆఫీసు ఫోన్లలో మునిగి ఉంటారు. పదిహేను రోజులు దాటితే పాత ఫుటేజీ చెరిగిపోవచ్చు. పిల్లలు తమకు జరిగింది చెప్పడానికి వారాలు, నెలలు, ఒక్కోసారి ఏళ్లు పడుతుంది. సిగ్గు, భయం, చెబితే అమ్మ బాధపడుతుందన్న ఆలోచన, చేసినవాడి బెదిరింపు అన్నీ దాటుకుని ఆ మాట బయటికి రావాలి. అది వచ్చేసరికి తెర ఖాళీగా ఉంటుంది. ఇక మరుగుదొడ్లలో కెమెరాలు ఉండవు, ఉండకూడదు కూడా. గురుగ్రామ్, బద్లాపూర్ దారుణాలు జరిగింది అక్కడే.

కొత్త ఉత్తర్వులో ఉన్న మాటల రికార్డింగు గురించి తల్లిదండ్రులు ఇంకా ఆలోచించలేదనిపిస్తుంది. ఆరో తరగతి అమ్మాయి ఇంట్లో మామయ్య వరసవాడి గురించి టీచరమ్మతో చెప్పాలనుకుంటుంది. అందరూ ఆటకు వెళ్లేదాకా ఆగి, పుస్తకం చూపించే వంకతో టేబులు దగ్గరికొస్తుంది. తలెత్తితే ఎదురుగా మైకున్న కెమెరా. ఆ మాట ఆఫీసులో ఎవరెవరు వింటారో ఆ పిల్లకు తెలియదు, టీచరుకూ తెలియదు. అమ్మాయి లెక్కల సందేహం ఒకటి అడిగి వెళ్లిపోతుంది. పిల్లలను కాపాడాలని పెట్టిన పరికరం, వాళ్లు నోరు విప్పగలిగే ఒక్క మూలను కూడా మింగేస్తుంది. క్షేమం పేరుతో ఇంతకన్నా పెద్ద నష్టం చేయడం కష్టం.

తెలుగు కుటుంబాలు వేల సంఖ్యలో స్థిరపడిన అమెరికాలో బడి భయం తుపాకీ రూపంలో ఉంటుంది, అది వేరే సంగతి. అక్కడి బడుల్లో మెటల్ డిటెక్టర్ల మీద పదిహేనేళ్లపాటు వచ్చిన పరిశోధనలన్నిటినీ 2011లో ఒక సమీక్ష పరిశీలించింది. అవి హింసను తగ్గిస్తాయని చెప్పడానికి చాలినంత ఆధారం దొరకలేదు. అవి ఉన్న బడిలో పిల్లలు తాము క్షేమంగా ఉన్నామని అనుకోవడం తగ్గవచ్చని మాత్రం కొన్ని అధ్యయనాలు సూచించాయి. పెద్దలకు ధైర్యమిచ్చే వస్తువు పిల్లలకూ ధైర్యమిస్తుందని ముందే అనుకోకూడదు.

ఇక్కడ రెండో వాదన ఎదురొస్తుంది, ఇది టీచర్ల గదిలోనూ ఇళ్లలోనూ సమానంగా వినబడుతుంది. పిల్లల మాట అంతగా పట్టించుకుంటే నెత్తికెక్కుతారు, భయం ఉంటేనే బడి నడుస్తుంది, వాళ్లు చెప్పేవాటిలో సగం చాడీలు. ‘చాడీలు చెప్పకు’ అన్న మాట తెలుగు బడిలో రోజుకు ఎన్నిసార్లు వినిపిస్తుందో లెక్క లేదు. పెన్సిలు లాక్కున్నాడని చెప్పిన పిల్లవాడికీ అదే జవాబు, మెట్ల కింద పెద్ద తరగతివాడు చేయి పట్టుకున్నాడని చెప్పబోయిన పిల్లకూ అదే జవాబు. మొదటి మాట దగ్గర కసురుకుంటే రెండో మాట పుట్టదు. పెన్సిలు ఫిర్యాదు చిన్నదే. కానీ చెప్పితే వింటారా లేదా అని పిల్లలు పెద్దలను పరీక్షించేది దానితోనే.

పిల్లలు అబద్ధాలు చెప్పరా? చెబుతారు, పెద్దలు చెప్పినట్టే. నిజమో కాదో తేల్చుకోవడం పెద్దల పని. పెచ్చులు రాలుతున్నాయని అబద్ధం చెప్పినా టీచరు తలెత్తి చూస్తే పోయేది రెండు నిమిషాలు.

భయంతో నడిచే బడి ఎలా ఉంటుందో కూడా లెక్కలున్నాయి. విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చింది. దాని 17వ సెక్షన్ పిల్లలను కొట్టడాన్నీ మానసికంగా హింసించడాన్నీ నిషేధించింది. జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషన్ 2009-10లో ఏడు రాష్ట్రాల్లో 6,632 మంది బడిపిల్లలను అడిగితే, తమకు ఏ శిక్షా పడలేదన్నవాళ్లు తొమ్మిది మంది. శాతం కాదు, మనుషులు. 75 శాతం మంది బెత్తం దెబ్బలు తిన్నారు, 69 శాతం మంది చెంపదెబ్బలు తిన్నారు. 81 శాతం మంది, నీకు చదువు రాదు అన్న మాట పడ్డారు. చట్టం వచ్చాక బెత్తం చాలాచోట్ల బీరువాలోకి వెళ్లింది, నిజమే. గోడకుర్చీ, గుంజీళ్లు, అసెంబ్లీలో అందరి ముందూ మార్కులు చదివి వినిపించడం వెళ్లలేదు. టీచరు కొడితే చెప్పుకోవడానికి చోటు లేని పిల్లకు, ఇంకొకడు చేసిన ఘోరం చెప్పుకోవడానికి చోటు ఎక్కడ దొరుకుతుంది? ఒకే నోరు కదా, ఒక విషయానికి మూసి ఇంకో విషయానికి తెరవడం ఏ బిడ్డకూ చేతకాదు.

ఈ మాటలు టీచర్లను దోషులుగా నిలబెట్టడానికి కాదు. ఒక్కో గదిలో యాభై అరవై మందిని కూర్చోబెట్టి, సిలబస్ తరుముతుంటే, సర్వేలూ ఆన్‌లైన్ ఎంట్రీలూ నెత్తిన పెడితే, ఏ టీచరుకైనా ప్రతి పిల్లముఖం వైపు చూసే తీరిక ఉండదు. ఆ తీరికకు ప్రభుత్వం, యాజమాన్యం డబ్బు పెట్టాలి. కెమెరాకు పెట్టే డబ్బు కనిపిస్తుంది, ఫొటో తీయవచ్చు, ప్రారంభోత్సవం చేయవచ్చు. టీచరుకు ఖాళీ పీరియడు ఇస్తే రిబ్బను కత్తిరించేదేమీ ఉండదు.

తెలుగులో ‘రైలుబడి’గా వచ్చిన టెత్సుకో కురొయనాగి పుస్తకం చదివినవాళ్లకు అందులోని హెడ్మాస్టరు కొబయాషి గుర్తుంటారు. ఒక బడి వద్దని పంపేసిన పాపను చేర్చుకునే రోజున ఆయన నాలుగు గంటలు ఆ పాప చెప్పిందల్లా విన్నారు. రెండో ప్రపంచ యుద్ధం నడుస్తున్న టోక్యోలో, పాత రైలుపెట్టెలే తరగతి గదులుగా నడిచిన బడి అది. 1945 బాంబుదాడుల్లో కాలిపోయింది కూడా. ఆ బడిలో పిల్లలు ధైర్యంగా ఉన్నారంటే కారణం గోడల బలం కాదు. ఆ పుస్తకం మన టీచర్ల శిక్షణ తరగతుల్లో తరచూ ప్రస్తావనకు వస్తుంది. ఆ నాలుగు గంటల్లో పదో వంతు సమయం కొత్తగా చేరిన బిడ్డకు ఇచ్చే బడి మన జిల్లాల్లో ఎన్నో చోట్ల ఇంకా రాలేదు.

పిప్లోదీ కప్పు కూలిన రోజునే, 2025 జులై 25న, సుప్రీంకోర్టు ఒక తీర్పు ఇచ్చింది. అది తెలుగు నేలకు చెందిన కేసు. విశాఖపట్నంలో నీట్ కోచింగ్ తీసుకుంటూ హాస్టల్లో ఉన్న పశ్చిమ బెంగాల్ అమ్మాయి 2023 జులైలో చనిపోయింది. వయసు పదిహేడు. తండ్రి న్యాయం కోసం పైకోర్టు దాకా వెళ్లాడు. జస్టిస్ విక్రమ్ నాథ్, జస్టిస్ సందీప్ మెహతా ధర్మాసనం దర్యాప్తును సీబీఐకి అప్పగించి, దేశంలోని విద్యాసంస్థలన్నిటికీ పదిహేను మార్గదర్శకాలు ఇచ్చింది. వంద మంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి సంస్థలో అర్హత గల కౌన్సెలర్ ఉండాలి. మార్కులను బట్టి పిల్లలను వేరే బ్యాచీలుగా చీల్చకూడదు. అందరి ముందు అవమానించకూడదు. సిబ్బందికి ఏడాదికి రెండుసార్లు శిక్షణ ఇవ్వాలి. చట్టం వచ్చేదాకా ఇవే అమల్లో ఉంటాయి.

ర్యాంకును బట్టి సెక్షన్లు, ప్రతి వారం పరీక్ష, నోటీసు బోర్డు మీద పేర్ల వరస. ఈ పద్ధతిని దేశానికి పరిచయం చేసినవాటిలో రెండు తెలుగు రాష్ట్రాల కార్పొరేట్ చదువు ముందు వరసలో ఉంది. 2022లో దేశంలో 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారని జాతీయ నేర రికార్డుల బ్యూరో లెక్క. 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాలు వచ్చాక ఇరవై మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకోవడం ఆ రాష్ట్రం ఇంకా మరిచిపోలేదు. హాస్టళ్ల వరండాల్లో కెమెరాలు పెట్టడం తేలిక. రాత్రి స్టడీ అవర్ అయ్యాక ఏడుస్తున్న పిల్ల మంచం పక్కన కూర్చునే మనిషిని నియమించడానికి జీతం కావాలి, ఆ జీతం ఫీజులోంచి తీయాలి.

చట్టాల కొరత లేదు. పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిసి పోలీసులకు చెప్పకపోవడం పోక్సో చట్టం కింద నేరం. సంస్థను నడిపేవాళ్లు దాచిపెడితే ఏడాది దాకా జైలు. 2020 నాటి నిబంధనలు సిబ్బంది పూర్వాపరాల విచారణను ఒక్కసారితో సరిపెట్టకుండా అప్పుడప్పుడూ చేయమంటున్నాయి. విద్యాహక్కు చట్టం ప్రతి ప్రభుత్వ బడిలో యాజమాన్య కమిటీ ఉండాలంది, అందులో ముప్పావు వంతు తల్లిదండ్రులే, సగం మంది స్త్రీలే. ప్రభుత్వ సాయం తీసుకోని ప్రైవేటు బడులకు మాత్రం ఆ కమిటీ అక్కర్లేదు. ఎక్కువ ఫీజు కట్టే తల్లిదండ్రులకే బడి నడకలో గొంతు లేదన్నమాట. కెమెరాలను తప్పనిసరి చేసిన సీబీఎస్‌ఈ, ఆ కమిటీని కూడా తప్పనిసరి చేయాలి. ఏడాదిలో పిల్లల నుంచి ఎన్ని ఫిర్యాదులు వచ్చాయో, ఒక్కోదాని మీద ఏం చేశారో, పేర్లు లేకుండా ఆ కమిటీ ముందు పెట్టించాలి. ఒక్క ఫిర్యాదూ రాలేదని చెప్పే బడిని మరింత అనుమానంగా చూడాలి.

చాలా బళ్లలో ఫిర్యాదుల పెట్టె ఇప్పటికే ఉంది, హెచ్‌ఎం గది బయట, తాళంచెవి హెచ్‌ఎం సొరుగులో. పెట్టెను నీళ్ల కుళాయిల దగ్గరికి మార్చి, తాళంచెవి కమిటీలోని ఒక తల్లికి ఇవ్వాలి. మైకు లేని ఒక గది ఉండాలి, దాని తలుపుకు అద్దం ఉండాలి, మాట బయటికి వినబడకూడదు కానీ మనుషులు కనబడాలి. పిల్లల సహాయవాణి 1098 నంబరు గోడ మీద ఉంటే చాలదు, అందులో ఎవరు పలుకుతారో, ఏం అడుగుతారో పిల్లలకు చెప్పి ఉండాలి. ఇవేవీ ఖరీదైనవి కావు. పిప్లోదీలో పిల్లలు ఆ ఉదయం చెప్పిన మాటను రాసుకోవడానికి ప్రతి తరగతిలో ఒక నోటుపుస్తకం, రాసుకున్న టీచరుకు ఎవరినీ అడగకుండా గది ఖాళీ చేయించే అధికారం. దీనికి టెండరు పిలవనక్కర్లేదు. రేపు పొద్దున మొదటి బెల్లు కొట్టేలోపు ఏ హెచ్‌ఎం అయినా మొదలుపెట్టవచ్చు.